ప్రయాణానికి ముందు హెపటైటిస్ ఎ టీకా: బెంగళూరులో ఏది వేయించుకోవాలి, ఎక్కడ వేయించుకోవాలి

ట్రావెల్ వ్యాక్సిన్ అనగానే అందరికీ ముందు ఎల్లో ఫీవరే గుర్తొస్తుంది. ఆ టీకా కార్డు లేకపోతే ఆఫ్రికాలో చాలా దేశాలకు వెళ్లడం కుదరదు కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వెళ్లి వేయించుకుంటారు. హెపటైటిస్ ఎ టీకా గురించి మాత్రం ఏ ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనూ అడగరు. ఎవరూ అడగరు కాబట్టి "తర్వాత చూద్దాంలే" అని వదిలేస్తారు. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు రెండు రకాలు, ఎ, ఇ. మన దేశంలో టీకా దొరికేది వీటిలో ఎ ఒక్కదానికే. దాన్ని వదిలేయడం పొరపాటు.

బెంగళూరులో దొరికే హెపటైటిస్ ఎ టీకాలనూ, అవి వేసే చోట్లనూ కలిపి చూసిన రివ్యూ ఇది. మా తీర్పు ముందే చెబుతాం. టీకా బ్రాండ్ల మధ్య ఉన్న తేడా చిన్నది, వేసే చోట్ల మధ్య ఉన్న తేడా పెద్దది. మంచి కంపెనీ టీకా కూడా ఫ్రిజ్‌లో ఒక్కసారి గడ్డకడితే చెడిపోతుంది. పెద్దవాళ్లకు పిల్లల డోసు వేస్తే లెక్కలోకి రాదు. రెండో డోసు తేదీ ఎవరూ రాసివ్వకపోతే ఆరు నెలల తర్వాత దాని సంగతే గుర్తుండదు. జనం అడిగేది బ్రాండ్ పేరు, ధర. అడగాల్సింది ఈ మూడు సంగతులు.

ముందు ఎవరికి అవసరమో చూద్దాం. హెపటైటిస్ ఎ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదు. అందుకే కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుంటుంది, ఐసులో చావదు, చేతికి రాసుకునే శానిటైజర్‌కు కూడా సరిగా లొంగదు. సబ్బుతో నీళ్లు ధారగా పోసుకుని కడిగితే పోతుంది. వంటలో అయితే 85 డిగ్రీల వేడి ఒక్క నిమిషం పాటు తగలాలి. ఒంట్లోకి వెళ్లాక 15 నుంచి 50 రోజుల్లో, సగటున 28 రోజులకు జబ్బు బయటపడుతుంది. అంటే సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినవాళ్లకు ఫిబ్రవరిలో కళ్లు పచ్చబడతాయి. నిన్న తిన్న పానీపూరీని తిట్టుకుంటారు, కానీ అసలు కారణం నెల కిందటి నీళ్లు.

ఆరేళ్లలోపు పిల్లల్లో చాలామందికి ఇది తెలియకుండానే వచ్చి పోతుంది. పెద్దయ్యాక వస్తే అలా పోదు. కామెర్లు, వాంతులు, వారాల తరబడి నీరసం. పదిమందిలో ఒకరిద్దరు ఆరు నెలల్లోపు మళ్లీ మంచాన పడతారు కూడా. యాభై దాటినవాళ్లకూ, ముందే లివర్ జబ్బు ఉన్నవాళ్లకూ ప్రాణం మీదికి రావచ్చు. హెపటైటిస్ బి లాగా ఇది ఒంట్లో ఏళ్లకేళ్లు నిలిచిపోదు, ఆ ఒక్కటే ఊరట.

ఇక్కడే బెంగళూరు సంగతి వస్తుంది. పల్లెలో బావి నీళ్లు, చెరువు నీళ్లు తాగి పెరిగి నలభై దాటినవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే ఈ వైరస్ వచ్చి పోయి ఉంటుంది. ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ. అపార్ట్‌మెంటులో ఫిల్టర్ నీళ్లు తాగి పెరిగిన ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లకు ఆ రక్షణ ఉండదు. వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో పీజీలో ఉంటూ, వారాంతాల్లో వయనాడ్, మున్నార్, తిరుపతి తిరిగే కుర్రవాళ్లు సరిగ్గా ఈ గుంపులోనే ఉన్నారు. 2024 వేసవిలో కేరళలోని ఎర్నాకుళం జిల్లా వేంగూర్ పంచాయతీలో మంచినీటి సరఫరా నుంచే ఈ కామెర్లు ప్రబలాయి. ప్రయాణం అంటే పాస్‌పోర్టు ఉన్న ప్రయాణమే కాదు.

నిజానికి, ఇక్కడి నుంచి అమెరికా, జర్మనీ వెళ్లేవాళ్ల కన్నా అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లకే ఈ టీకా ఎక్కువ అవసరం. అమెరికాలో 2006లో ఏడాది నిండిన పిల్లలందరికీ, 12 నుంచి 23 నెలల మధ్య, ఇది వేయాలని సిఫార్సు చేశారు. సెలవులకు వచ్చే మనవడికి వేసి ఉంటారు, వెంట వచ్చే అల్లుడికి వేసి ఉండకపోవచ్చు. ఆరు నుంచి పదకొండు నెలల పసిపిల్లతో వస్తుంటే, బయల్దేరే ముందు అక్కడే ఒక డోసు వేయించమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఆ డోసు ఈ ప్రయాణానికే. ఏడాది నిండాక మామూలు రెండు డోసులూ మళ్లీ వేయాలి. ఈ సంగతి తెలియక "ఒకటి వేశాంగా" అని ఆగిపోయేవాళ్లు ఉన్నారు.

మరోవైపు, ఆరు నెలలు కూతురి దగ్గర ఉండి రావడానికి డాలస్ వెళ్తున్న అరవై ఏళ్ల తల్లిదండ్రులను ఈ టీకా కోసం ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దు. వాళ్లకు రక్షణ ఇప్పటికే ఉండే అవకాశం ఎక్కువ, వెళ్లే దేశంలో ప్రమాదం తక్కువ. అనుమానంగా ఉంటే రక్తంలో హెచ్‌ఏవీ (హెపటైటిస్ ఎ వైరస్) ఐజీజీ పరీక్ష, అంటే పాత రక్షణ ఉందో లేదో చూసేది, చేయిస్తే తేలిపోతుంది. పాజిటివ్ వస్తే టీకా అక్కర్లేదు. ల్యాబులో "ఐజీజీ" అని నొక్కి చెప్పాలి. ఐజీఎం పరీక్ష ఇప్పుడు జబ్బు ఉందా లేదా అని చూసేది. రెండూ కలగలిపి రాసిన చీటీలు తరచూ కనిపిస్తాయి, డబ్బు వృథా.

టీకాల సంగతికొద్దాం.

హావ్రిక్స్, జీఎస్‌కే కంపెనీది. చంపేసిన వైరస్‌తో చేసిన టీకా. పెద్దలకు 1440 యూనిట్లు, ఒక ఎంఎల్. పిల్లలకు 720 యూనిట్లు, అర ఎంఎల్. మొదటి డోసు తర్వాత 6 నుంచి 12 నెలల మధ్య రెండోది. దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతున్నది కాబట్టి దీని మీద ఉన్న అనుభవం అపారం. రెండో డోసు చాలా దేశాల్లో దొరుకుతుంది. ఆన్‌సైట్‌కు వెళ్తూ మొదటి డోసు ఇక్కడ, రెండోది అక్కడ వేయించుకోవాల్సినవాళ్లకు మేం ముందు చెప్పేది ఇదే.

అవాక్సిమ్, సనోఫీది. ఇదీ చంపేసిన వైరస్‌దే. 80 యూనిట్లది పిల్లలకు, 160 యూనిట్లది పదహారేళ్లు దాటినవాళ్లకు. హావ్రిక్స్‌కూ దీనికీ పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి మొదటి డోసుగా, ఇంకొకటి రెండో డోసుగా వేసినా చెల్లుతుంది. "అదే బ్రాండ్ దొరికే దాకా ఆగండి" అని ఎవరైనా అంటే ఆగకండి.

హావిష్యూర్ మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసింది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు కింద నడిచే కంపెనీ అది. దేశంలోనే అభివృద్ధి చేసిన తొలి హెపటైటిస్ ఎ టీకాగా 2024 జనవరిలో విడుదలైంది. ఇదీ చంపేసిన వైరస్‌దే, రెండు డోసులే, మధ్యలో కనీసం ఆరు నెలలు. విదేశీ సరుకు మీద ఆధారపడిన టీకాకు ఇక్కడి తయారీ తోడవడం మంచి మార్పు. పెద్దవాళ్లకు వేయించుకుంటుంటే పెట్టె మీద వయసు, మోతాదు మీ కళ్లతో చదివాకే చెయ్యి చాపండి. ఈ మాట అన్ని బ్రాండ్లకూ వర్తిస్తుంది.

బయోవాక్-ఎ వీటికి పూర్తిగా వేరు. వోక్‌హార్ట్ అమ్ముతుంది. చైనాలో అభివృద్ధి చేసిన హెచ్2 అనే బలహీనపరిచిన బతికున్న వైరస్ ఇందులో ఉంటుంది. పొడిగా వస్తుంది, నీళ్ల మందు కలిపి వెంటనే చర్మం కింద వేయాలి, కండలోకి కాదు. ఏడాది నిండిన పిల్లలకు ఒక్క డోసు చాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది, అందుకే పిల్లల డాక్టర్ల దగ్గర ఎక్కువగా ఇదే ఉంటుంది. ఒక్క సూదితో అయిపోవడం పిల్లలున్న ఇంటికి నిజంగా సుఖం. కానీ బతికున్న వైరస్ కాబట్టి గర్భిణులకు వేయకూడదు. స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవాళ్లకు, క్యాన్సర్ మందుల్లో ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు కూడా వేయకూడదు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి ఇంకో బతికున్న టీకా వేయాల్సి ఉంటే రెండూ ఒకే రోజు వేయాలి, లేదా నాలుగు వారాల ఎడం ఉండాలి. ఈ లెక్క తప్పి, ఎంఎంఆర్ వేసిన పది రోజులకే ఇది వేయడం క్లినిక్కుల్లో జరిగే పొరపాటు. పిల్లవాడి టీకా పుస్తకం వెంట తీసుకెళ్తే ఆ తప్పు జరగదు.

ట్విన్‌రిక్స్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. ఇది ఎ, బి రెండూ కలిపిన టీకా. వినడానికి ఒకే సూదితో రెండు పనులు. కానీ పెద్దల ట్విన్‌రిక్స్‌లో హెపటైటిస్ ఎ భాగం 720 యూనిట్లే, అంటే హావ్రిక్స్ పెద్దల డోసులో సగం. వచ్చే వారం విమానం ఉన్నవాళ్లకు ఒక్క ట్విన్‌రిక్స్ వేసి పంపితే ఎ నుంచి రావాల్సినంత రక్షణ రాకపోవచ్చు. దీన్ని 0, 1, 6 నెలలకు మూడు డోసులు పూర్తిచేయాలి, తొందరుంటే 0, 7, 21 రోజులకు వేసి ఏడాదికి నాలుగోది. ఆరు నెలల ముందే ప్లాన్ చేసుకునేవాళ్లకు ఇది బాగుంటుంది. ఆఖరి వారంలో పరుగెత్తేవాళ్లకు విడిగా హెపటైటిస్ ఎ టీకాయే సరి.

ఆఖరి వారం అన్నాం కాబట్టి, "పదిహేను రోజులు కూడా లేవు, ఇక లాభం లేదు" అనుకోవద్దు. చంపేసిన వైరస్ టీకా ఒక్క డోసు వేసిన నాలుగు వారాలకు ఆరోగ్యవంతులైన పెద్దల్లో నూటికి 95 మందికి పైగా రక్షణ వస్తుంది. జబ్బు బయటపడడానికి సగటున నాలుగు వారాలు పడుతుంది కాబట్టి బయల్దేరే రోజు వేసుకున్నా చాలామందికి పనికొస్తుంది. నలభై దాటినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు రెండు వారాల్లోపే వెళ్తుంటే మాత్రం టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది) కావాలా అని డాక్టర్‌ను అడగాలి. అది మామూలు క్లినిక్కులో తేలేది కాదు, పెద్ద ఆస్పత్రికే వెళ్లాలి.

ఇక వేసే చోట్లు. నమ్మ క్లినిక్‌కో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికో ముందు వెళ్లి వచ్చేవాళ్లుంటారు, ఆ తిరుగుడు అక్కర్లేదు. పిల్లలకు ఉచితంగా వేసే జాతీయ టీకాల జాబితాలో హెపటైటిస్ బి ఉంది, ఎ లేదు. కొనుక్కోవాల్సిందే.

ఎక్కడికి వెళ్లినా "కామెర్ల టీకా" అని అడగొద్దు. కన్నడంలో కామాలె అన్నా, తెలుగులో కామెర్లు అన్నా, కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ముందు తోచేది హెపటైటిస్ బి. దాని ధర తక్కువ, సరుకు ఎప్పుడూ ఉంటుంది, వెంటనే తెచ్చి వేసేస్తారు. మీరు ఇంటికెళ్లి చీటీ చూసుకుంటే "హెప్ బి" అని ఉంటుంది. "హెపటైటిస్ ఎ, ఏ ఫర్ యాపిల్" అని చెప్పండి. పెట్టె తెచ్చాక పేరు చదవండి.

కార్పొరేట్ ఆస్పత్రుల ట్రావెల్ క్లినిక్కులు: ఇక్కడ బలం డాక్టర్. ఏ దేశం, ఏ నెల, హోటలా పల్లెటూరా, ఎన్నాళ్లు, వాడుతున్న మందులేమిటి అని అడిగి, కావాల్సినవే రాయడం వాళ్ల పని. టీకాల కోసమే చేసిన ఫ్రిజ్, ఉష్ణోగ్రత దానంతటదే నమోదయ్యే పరికరం, కరెంటు పోతే జనరేటర్ ఉంటాయి. బలహీనత ప్యాకేజీ. టైఫాయిడ్, ఎ, బి, ఫ్లూ, న్యుమోనియా, అన్నీ ఒకే మొత్తంలో కట్టి చూపిస్తారు. ఇందులో హెపటైటిస్ ఎతో పాటు నిజంగా జతచేయాల్సింది టైఫాయిడ్ కాంజుగేట్ టీకా. అదీ నీళ్లు, తిండి వల్లే వస్తుంది కాబట్టి. భారత్ బయోటెక్ వారి టైప్‌బార్-టీసీవీ ఒక్క డోసు, అదే రోజు రెండో జబ్బకు వేయవచ్చు. హెపటైటిస్ బి చిన్నప్పుడు మూడు డోసులూ పడి ఉంటే మళ్లీ అక్కర్లేదు. "ప్యాకేజీ వద్దు, విడివిడిగా బిల్లు వేయండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. బిల్లులో మూడు వరసలు వేరుగా కనబడాలి: టీకా ఎంఆర్‌పీ, సూది వేసినందుకు చార్జీ, డాక్టర్ ఫీజు.

పిల్లల డాక్టర్ల క్లినిక్కులు. బెంగళూరులో ఈ టీకాకు మేం ఎక్కువగా మొగ్గేది వీటివైపే. రోజూ పదులకొద్దీ టీకాలు వేస్తారు కాబట్టి సరుకు నిలవ ఉండదు, సిస్టర్ చెయ్యి తిరిగి ఉంటుంది, పుస్తకంలో రాసే అలవాటు ఉంటుంది. పెద్దవాళ్లకు కూడా వేస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి, చాలామంది వేస్తారు. కానీ ఫ్రిజ్‌లో ఉండేది బయోవాక్-ఎ, లేదంటే హావ్రిక్స్ పిల్లల డోసు, అంటే 720. పెద్దల డోసు ముందు రోజు చెబితే తెప్పిస్తారు. చెప్పకుండా వెళ్తే "ఇదీ అదే మందు" అని 720 వేసే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకు పిల్లల డోసు ఒక్కటి వేస్తే అది డోసు కింద లెక్క కాదు, సరైన మోతాదు మళ్లీ వేయించుకోవాలి.

ఇంటికొచ్చి వేసే సేవలు ఈ మధ్య బాగా పెరిగాయి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో పసిపిల్లను తిప్పే బదులు ఇది హాయి, వృద్ధులున్న ఇంటికి మరీను. ఇక్కడ చూడాల్సింది నర్సు చేతిలోని డబ్బా. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్ తెల్లగా మంచు పట్టి ఉండగానే దానికి ఆనించి టీకా పెట్టి తెస్తే, దారిలోనే గడ్డకట్టొచ్చు. ఐస్ ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలే దాకా ఆగి, మధ్యలో స్పాంజో అట్టో పెట్టి సర్దాలి. నేర్చిన నర్సు డబ్బా తెరవగానే థర్మామీటర్ చూపిస్తుంది. సాదా ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కల మధ్య సిరంజి తెస్తే, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వెనక్కి పంపించండి.

మందుల షాపులో కొని, పక్క సందులో కాంపౌండర్ చేత వేయించుకోవడం ఆఖరి మార్గం. ఫార్మసీ కన్నా కాంపౌండర్ దగ్గరే ఇబ్బంది ఎక్కువ. తీవ్రమైన అలర్జీ వస్తే ఇవ్వాల్సిన అడ్రినలిన్ అక్కడ ఉండదు.

ఫ్రిజ్ గురించి ఇంకాస్త. ఈ టీకాలన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మనవాళ్ల భయమంతా వేడి గురించే, కాబట్టి ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుంటారు. చంపేసిన వైరస్ టీకాకు అసలు శత్రువు గడ్డకట్టడం. హావ్రిక్స్, అవాక్సిమ్‌లలో టీకా పదార్థం అల్యూమినియం ఉప్పు రేణువులకు అంటుకుని ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే ఆ రేణువులు ముద్దకడతాయి. మళ్లీ కరిగాక మందు చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది, పనితనం పోతుంది. షాపు నుంచి ఇంటికి అరగంట మామూలు ఎండలో తేవడం వల్ల వచ్చే నష్టం కన్నా, ఇంట్లో ఫ్రీజర్ గది కింద ఆనించి రాత్రంతా ఉంచడం వల్ల వచ్చే నష్టం ఎక్కువ.

క్లినిక్కులో "ఒకసారి ఫ్రిజ్ చూడొచ్చా" అని మర్యాదగా అడగండి. మంచి చోట నవ్వుతూ చూపిస్తారు. థర్మామీటర్ లోపల ఉండాలి, ఉదయం సాయంత్రం అంకెలు రాసిన కాగితం తలుపుకు అతికించి ఉండాలి. టీకాలు మధ్య అరల్లో ఉండాలి, తలుపు అరల్లో కాదు, వెనక గోడకు ఆనించి కాదు. పాల ప్యాకెట్, టిఫిన్ డబ్బా, సగం తాగిన మజ్జిగ సీసా కనబడితే ఆ ఫ్రిజ్ రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో అర్థమైనట్టే. కరెంటు పోయే వేసవి నెలల్లో ఇంకా జాగ్రత్త.

సూది వేసే క్షణాన్ని దగ్గరగా చూడండి. హావ్రిక్స్ సిరంజి కదలకుండా ఉంటే అడుగున తెల్లని మడ్డి, పైన తేరిన నీరు కనబడతాయి. అది పాడైనట్టు కాదు. సిస్టర్ దాన్ని గట్టిగా ఊపాలి, అంతా ఒకేలా పాలనీళ్ల రంగుకు రావాలి. ఊపినా గడ్డలు గడ్డలుగా, పెరుగు విరిగినట్టు ఉంటే వద్దనండి. ఊపకుండా వేస్తే మందులో కొంత సిరంజిలోనే మిగిలిపోతుంది. పెద్దవాళ్లకు జబ్బ కండలోకి, 25 మిల్లీమీటర్ల సూదితో. పిర్రకు వేయనివ్వొద్దు, అక్కడ కొవ్వులో పడితే రక్షణ తక్కువ వస్తుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, సన్నని సూది వాడి రెండు నిమిషాలు రుద్దకుండా నొక్కి పట్టుకోవాలి. నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పడక తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు హావ్రిక్స్‌కు ముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి, అందులో అది లేశమాత్రం ఉంటుంది. వేసుకున్నాక పావుగంట అక్కడే కూర్చోండి. ఒకటి రెండు రోజులు జబ్బ నొప్పి, కొంచెం తలనొప్పి, ఒళ్లు వెచ్చబడడం మామూలు.

తర్వాత కాగితం. బయటికొచ్చే ముందు మీ కార్డులో బ్రాండ్ పేరు, మోతాదు, బ్యాచ్ నంబర్, తేదీ, రెండో డోసు తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూసుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాలి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో వచ్చే చిక్కు ఇక్కడా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, క్లినిక్కు కార్డులో పొడి అక్షరం మాత్రమే. ఆరు నెలల తర్వాత వేరే దేశంలో రెండో డోసుకు వెళ్తే ఇద్దరూ ఒకరేనా అని అడుగుతారు. తేదీలో నెలను అక్షరాల్లో రాయించండి. 05-08 అని రాస్తే ఇక్కడ ఆగస్టు, అమెరికాలో మే. కార్డు ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి, ఫోన్ క్యాలెండర్‌లో రెండో డోసు తేదీ పెట్టుకోండి. క్లినిక్కు నుంచి వచ్చే మెసేజ్ మీద ఆధారపడొద్దు, విదేశానికి వెళ్లాక ఈ సిమ్ పనిచేయకపోవచ్చు.

రెండో డోసు ఏడాది దాటిపోయినా, రెండేళ్లయినా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మిగిలిన ఒక్కటి వేస్తే చాలు. "కోర్సు తెగింది, మళ్లీ రెండూ వేయాలి" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది, అది తప్పు. రెండూ పూర్తయితే రక్షణ ఇరవై ఏళ్లకు పైనే ఉంటుంది. టీకా పట్టిందా లేదా అని తర్వాత రక్తపరీక్ష చేయించుకోవడం కూడా వద్దు. టీకాతో వచ్చే యాంటీబాడీలు జబ్బుతో వచ్చినవాటికన్నా తక్కువగా ఉంటాయి, మామూలు ల్యాబు పరీక్షలకు అందకపోవచ్చు. రిపోర్టులో నెగటివ్ చూసి కంగారుపడి మూడోసారి వేయించుకుంటారు. టీకా వేసుకున్న కొద్ది వారాల్లో ఐజీఎం చేయిస్తే కొందరిలో పాజిటివ్ చూపించి, జబ్బు వచ్చిందన్న భయం కూడా పుట్టిస్తుంది.

ఎల్లో ఫీవర్ కావాల్సినవాళ్లకు ఒక్క మాట. అది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. చెన్నైలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటివే. వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, 2016 జులై నుంచి జీవితాంతం. అక్కడికి వెళ్లే రోజే హెపటైటిస్ ఎ చంపేసిన వైరస్ టీకా వేరే చోట వేయించుకున్నా ఇబ్బంది లేదు. బయోవాక్-ఎ అయితే పైన చెప్పిన నాలుగు వారాల నియమం దీనికీ వర్తిస్తుంది, ఎల్లో ఫీవర్‌ది కూడా బతికున్న టీకాయే.

ఈ టీకాతో రానిదేమిటో కూడా తెలియాలి. హెపటైటిస్ ఇ కూడా ఇలాగే కలుషితమైన నీళ్లతో వస్తుంది, గర్భిణులకు చాలా ప్రమాదం. దాన్ని ఎ టీకా ఆపదు. కాబట్టి టీకా వేసుకున్నాం కదా అని రోడ్డు పక్క ఐసు, ట్యాంకరు నీళ్లు, సరిగా ఉడకని ఆల్చిప్పలు మొదలుపెట్టొద్దు. 1988లో షాంఘైలో కలుషితమైన గుల్లల వల్ల సుమారు మూడు లక్షల మందికి హెపటైటిస్ ఎ వచ్చింది.

ఇక పీజీలో రూమ్మేట్‌కు కళ్లు పచ్చబడి, హెచ్‌ఏవీ ఐజీఎం పాజిటివ్ అని తేలితే ఏం చేయాలి? మిగతావాళ్లు ప్రయాణం ఉన్నా లేకపోయినా రెండు వారాల్లోపు టీకా వేయించుకుంటే జబ్బును ఇంకా ఆపొచ్చు. కామెర్లు కనబడడానికి రెండు వారాల ముందు నుంచి, కనబడ్డాక వారం దాకా వైరస్ బయటికి వెళ్తూనే ఉంటుంది, కాబట్టి రోజులు లెక్కపెట్టుకుని కదలాలి. అతను వంటింట్లోకి రాకూడదు, బాత్‌రూమ్ బ్లీచింగ్‌తో కడగాలి. ఊరి నుంచి "పసరు పోయిస్తే తగ్గిపోతుంది, పత్యం పెట్టండి" అని ఫోన్ వస్తుంది. ప్రేమతో చెప్పే మాటే అయినా వినొద్దు. ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు, విశ్రాంతితో తగ్గేదే. ఏమున్నాయో తెలియని ఆకు పసర్లు ఇప్పటికే వాచిన లివర్ మీద ఇంకో భారం. ఉప్పూ నూనే మానేసి చప్పిడి తిండి పెడితే నీరసం పెరగడం తప్ప ప్రయోజనం లేదు. పారాసెటమాల్ కూడా డాక్టర్‌ను అడిగి, చెప్పిన మోతాదు దాటకుండా. వాంతులు ఆగకపోయినా, మనిషి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, ఎక్కడైనా రక్తం కారుతున్నా మర్నాటి దాకా ఆగకుండా లివర్ వైద్యులున్న ఆస్పత్రికి ఆ రాత్రే తీసుకెళ్లండి.